పేరు మిగిలింది, గోడు పోయింది

రాఘవ లారెన్స్ తీసిన ‘ముని’ వరుసలో రెండో చిత్రం ‘కాంచన’. 2011లో వచ్చిన ఈ తమిళ సినిమాను తెలుగు ప్రేక్షకులు తమదిగానే ఆదరించారు. చీకటి పడితే తల్లి చంకెక్కే పిరికి హీరో, కోవై సరళ హడావుడి జనాన్ని నవ్వించిన మాట నిజమే. కానీ ఆ సినిమా గుర్తుండిపోయింది శరత్‌కుమార్ పోషించిన కాంచన పాత్ర వల్ల.

కాంచన ట్రాన్స్‌జెండర్. కన్నవాళ్లు కాదంటే ఒక ముస్లిం పెద్దాయన చేరదీశాడు. తాను పెంచుకున్న గీతను డాక్టరు చదువు చదివించింది. పేదల ఆసుపత్రి కోసం కొన్న స్థలాన్ని ఎమ్మెల్యే కాజేస్తే నిలదీసింది. అందుకు ఆమెనూ, ఆమెకు నీడనిచ్చినవాళ్లనూ చంపేశారు. ఆ గోడు విన్నాక దెయ్యమంటే భయం పోయి, చంపినవాళ్ల మీద కోపం పుడుతుంది. అన్యాయంగా చచ్చిపోయిన ఆడవాళ్లను పేరంటాళ్లుగా కొలిచే మన పల్లెలకు ఆ కోపం కొత్తది కాదు.

ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా సుప్రీంకోర్టు గుర్తించింది 2014లో. అంతకు మూడేళ్ల ముందే ఒక మాస్ సినిమా వాళ్ల కోసం కన్నీళ్లు పెట్టించింది. చిన్న విషయం కాదది. లోపాలూ ఉన్నాయి. దెయ్యం పట్టిన హీరో ఆడనడకను మొదట నవ్వులాటకే వాడుకున్నారు. కాంచన వేషం మగ స్టారుకే దక్కింది. 2020 నాటి హిందీ రీమేక్ ‘లక్ష్మీ’లోనూ ఆ పాత్ర శరద్ కేల్కర్ అనే నటుడికే వెళ్లింది.

2015లో తెలుగులో ‘గంగ’గా వచ్చిన మూడో భాగంలో నిత్యా మేనన్ దివ్యాంగురాలైన యువతిగా మెప్పించింది. అక్కడిదాకా ఈ వరుసకు గుండె ఉంది. 2019లో ‘కాంచన 3’ వచ్చేసరికి టైటిల్లో కాంచన పేరుంది, కథలో కాంచన లేదు. పిరికి హీరో, హాస్యం, ఫ్లాష్‌బ్యాక్, పగ అన్న లెక్క మాత్రం తప్పలేదు.

సీక్వెల్ తీయడం తప్పని మేమనడం లేదు. బతికుండగా ఎవరూ వినని మనిషి చచ్చాకైనా నోరు విప్పగలిగే చోటు దెయ్యం కథ. అలాంటివాళ్లు మన చుట్టూ ఇంకా ఎందరో ఉన్నారు. ప్రతి కొత్త భాగమూ వాళ్లలో ఒకరి గోడు వినిపించాలి. కాంచన మళ్లీ తెర మీదికి వస్తే, ఆ వేషం ట్రాన్స్‌జెండర్ కళాకారిణికే ఇవ్వాలి. దర్శక నిర్మాతలకు మా విన్నపం ఇదే.