ఇంట కుట్టిన బటువా

ఆనకట్టలను గూర్చి, కర్మాగారాలను గూర్చి వ్యాసాలు వ్రాయడం మన విద్యార్థిలోకానికి పరిపాటి. ఇంట మిగిలిన గుడ్డముక్కతో కుట్టుకొనే డబ్బుసంచిని గూర్చి వ్రాయబూనితే కొందరు నవ్వుకొనవచ్చు. కాని ఒక కుటుంబంలో ధనం ఎవరి చేతిలో ఉన్నదో, చేతిపనికి మనమిచ్చే గౌరవమెంతో తెలిసికొనడానికి ఆ చిన్న సంచిని మించిన సాక్షి లేదు.

ఉర్దూలో అది బటువా. తెలుగులో సంచి, తిత్తి. దానిని కుట్టేవారి నోట భాషలకు ఎల్లలు ఉండవు. సూది, దారం, కత్తెర మన తెలుగు పలుకులు. అస్తరు, నాడా, నేఫా ఉర్దూ ఇచ్చినవి. కాజా, బొత్తాము పోర్చుగీసు ఓడలపై వచ్చినవి. ఏ సభా తీర్మానించకుండానే ఇవన్నీ మన కుట్టుపెట్టెలో కలిసిమెలిసి కాపురమున్నాయి.

గుడ్డకోసం దూరం పోనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నఖద్దరుకు ప్రసిద్ధి. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, శుభ్రపరచి, 100 నంబరుకు తగ్గని నూలు చేతితో వడుకుతారు. వడికేవారిలో అధికులు స్త్రీలే. అంతటి శ్రమ ఇమిడిన వస్త్రంలో జానెడు ముక్కనైనా పారవేయడం అపచారం కాదా? చిరిగిన పంచె అంచు, రవికకు పోగా మిగిలిన ముక్క ఇందుకు చాలును. సన్నని బట్ట కనుక లోపల గట్టి అస్తరు తప్పనిసరి.

కొలతలో కూడ తర్కమున్నది. నేటి 500 రూపాయల నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, అనగా సుమారు 6 అంగుళాలు. నోటు మడవకుండ ఇమడాలంటే సంచి వెడల్పు 7 అంగుళాలుండాలి. రెండు ప్రక్కలా అరేసి అంగుళం కుట్టుకు వదలి, 8 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవుగల ముక్క కత్తిరించాలి. కొత్తగుడ్డ ఐతే ముందుగా తడిపి ఆరవేయాలి. లేనిచో తొలి ఉతుకులోనే ముడుచుకొని పోతుంది. నిడివిని సగానికి మడచి, ప్రక్కలు దగ్గరి కుట్టుతో బిగించి, మూతివద్ద అంగుళం మడచి నేఫా కుట్టి నాడా దూర్చితే పని ముగిసినట్లే. ఒక సాయంకాలం చాలును.

బజారులో చౌకగా రెక్సిను పర్సు దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకని అడుగుతారు. పొర లేచిన రెక్సినును బాగుచేయలేము. పిగిలిన గుడ్డసంచిని నాలుగు పోగులతో నిలబెట్టుకొనగలము. ఇది ఆడవారి పని అనే వాదం మరీ విచిత్రం. మన బజారులలో మిషను త్రొక్కే దర్జీలు మగవారే కదా! మహాప్రవక్త తమ వస్త్రాలను తామే కుట్టుకొనేవారని, పాదరక్షలను తామే బాగుచేసుకొనేవారని హజ్రత్ ఆయిషా ఉల్లేఖనం. యంత్రాలను శంకించిన గాంధీజీ సైతం 1924లో సింగర్ కుట్టుమిషనును మినహాయించి మెచ్చుకొన్నారు.

అసలు ప్రశ్న వేరు. సంచి ఎవరు కుట్టారన్నది కాదు, దాని నాడా ఎవరి చేతిలో ఉన్నదన్నది. మహర్ భార్య సొత్తని ఖుర్ఆన్‌లోని నిసా అధ్యాయం నిర్దేశించింది. స్త్రీధనం స్త్రీదేనని హిందూ ధర్మశాస్త్రాలూ చెప్పాయి. ఆచరణలో ఏమి జరిగింది? కూతురిని అమ్మిన వెల తండ్రి సంచిలో పడిన దురాచారాన్ని గురజాడవారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరం రంగస్థలంపైననే ఎండగట్టింది. 2000లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలతో కూడ ఆరంభమైన వెలుగు పథకం పొదుపుసంఘాలకు ఊతమిచ్చింది; పోపులపెట్టెలో దాగిన రూపాయికి బ్యాంకుపుస్తకం దారి చూపింది.

ఇప్పుడు ధనమంతా ఫోనులోనే ఉండగా సంచి దేనికని మరొక వాదన. 2016లో వచ్చిన యూపీఐ వలన లావాదేవీలు సులభమైన మాట నిజమే. కాని ఆ ఫోను ఇంటిలో ఎవరి జేబులో ఉన్నది? భర్తదో, కొడుకుదో ఐన ఫోనులో చేరిన కూలి, కష్టపడిన తల్లి చేతికి ఎంత అందుతుంది? తన కష్టార్జితాన్ని తన కంటితో చూచి, తన వ్రేళ్ళతో లెక్కించి, ఏది ఖర్చు, ఏది పొదుపు అని తానే నిర్ణయించుకొనే హక్కు చిన్నది కాదు. ఆ హక్కుకు బటువా ఒక రూపం. ఫోనైనా, బ్యాంకుపుస్తకమైనా ఆమె పేరనే, ఆమె చేతనే ఉన్ననాడు ఈ ఫిర్యాదుకు తావుండదు.

కావున కళాశాలలలో వారానికొక గంట కుట్టుపనికి కేటాయించాలని, అందులో విద్యార్థులూ విద్యార్థినులూ సమానంగా కూర్చుండాలని నా అభిప్రాయం. చేతిపని ద్వారా విద్య గరపడమే 1937లో వార్ధాలో రూపుదిద్దుకొన్న నయీ తాలీం సారాంశం. ఆ గంటలో యువకుడు తన చిరుగును తాను కుట్టుకొనడం నేర్చుకోవాలి. యువతి తాను కుట్టిన బటువాలో తన సంపాదనను తానే ఉంచుకొని, దాని లెక్కను తానే వ్రాసుకోవాలి. మొదటిది చేతికి గౌరవం, రెండవది చెమటకు న్యాయం. ఈ రెండూ నేర్పని చదువు పట్టాను ఇవ్వవచ్చునేమో గాని సంస్కారాన్ని ఇవ్వజాలదు.