బ్యాటరీ మార్చే ముందు ఒక్క నిమిషం

ఆఫీసులో లాగ్ చూడకుండా కోడ్ ముట్టుకోం కదా, మరి కారు దగ్గరికొచ్చేసరికి గుడ్డిగా పార్టులు ఎందుకు మార్చేస్తాం? నేనూ మెకానిక్ మాట విని కొత్త బ్యాటరీ వేయించా. మూడో రోజు రాత్రి అమ్మానాన్నలతో వస్తుంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి ఆగిపోయింది. అసలు దొంగ ఆల్టర్నేటర్!

ఓ మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల దాకా ఉండాలి. స్టార్ట్ చేశాక మామూలుగా 13.8 - 14.5 మధ్యకి రావాలి. ఇంజిన్ నడుస్తున్నా 12 దగ్గరే ఉండి ఇంకా తగ్గుతోందా? బ్యాటరీని తిట్టకండి, బెల్టు, కనెక్షన్లు, ఆల్టర్నేటర్ చూపించండి.

ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకి చూసే పాత పద్ధతికి మాత్రం ఒప్పుకోవద్దు, ఈసీయూ పోవచ్చు.

కొలవకుండా మార్చేది రిపేరు కాదు, జూదం. మీరేమంటారు?