కష్టము ఎవరిదో ఖాతాయు వారిదే

ఆలయమునకు వచ్చు మన కుటుంబములలో అనేకుల ఇండ్లయందు పనిచేయు స్త్రీలు కలరు. స్వదేశము విడిచి వచ్చిన యువకులు దుకాణములలోను, కట్టడపు పనులలోను శ్రమించుచున్నారు. వారిలో మన తెలుగు బిడ్డలును ఉన్నారు. వీరి జీతము ఎచ్చట నిలువయుండవలెను? యజమాని బీరువాలోనా, మేస్త్రీ చేతిలోనా, లేక వారి పేరిట గల బ్యాంకు ఖాతాలోనా? ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని ఒక మనిషి స్వాతంత్ర్యము దీనిపై ఆధారపడియున్నదని మేము తలంచుచున్నాము.

రబ్బరు తోటల కాలమున కంగాణీకి అప్పుపడిన కూలీకి, తన కూలిలో చేతికి దక్కునదెంతయో తెలియుట దుర్లభముగా నుండెడిది. చిన్న మొత్తములు దాచుకొనువారికై సింగపూరులో 1877 జనవరి 1వ తేదీన పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకు వెలసినది. అది 1998లో డి.బి.ఎస్. బ్యాంకులో చేరినను, పి.ఓ.ఎస్.బి. అను పేరు నేటికిని నిలిచియున్నది. మన దేశమునందును 2014లో ఆరంభమైన జన్‌ధన్ పథకముచే, కనీస నిలువ అక్కరలేని ఖాతాలు పేదల వాకిటికి వచ్చినవి. పల్లెలోని తల్లికి ఖాతా ఉండగా, సముద్రము దాటి సంపాదించు బిడ్డకు లేకపోవుట తగునా?

బ్యాంకు ధనవంతులకేయని కొందరు జంకుదురు. అది నిజము కాదు. పి.ఓ.ఎస్.బి. పాసుబుక్కు ఖాతాలో సగటు నిలువ 500 డాలర్లకు తగ్గినచో, సాధారణముగా నెలకు 2 డాలర్లు రుసుము తీసుకొందురు. పరదేశపు పనివారి జీతములకు కనీస నిలువ నియమము లేని ఖాతాయు కలదు. కావున ఖాతా తెరచుటకు ముందు, “కనీస నిలువ ఎంత? రుసుము ఎంత? మాకు మినహాయింపు కలదా?” అని తప్పక అడుగవలెను. అడుగుటలో సిగ్గుపడవలసినది లేదు. సభ్య బ్యాంకులలో సింగపూరు డాలర్లలో ఉంచిన సొమ్ముకు, ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 1,00,000 డాలర్ల వరకు బీమా కలదు. ఈ పరిమితి 2024 ఏప్రిల్ నుండి అమలులోనున్నది.

“పాపము, ఆమెకు లెక్కలు తెలియవు. మేమే భద్రముగా దాచి, ఊరికి పోవునపుడు ఇత్తుము” అని చెప్పు గృహిణులు కలరు. వారి మనస్సు మంచిదే. కాని ఇచ్చితిమని ఒకరు, రాలేదని మరొకరు అన్ననాడు సాక్ష్యమేది? ఆమె తల్లికి రోగము వచ్చిన రాత్రి, తన సొమ్ముకై ఇంకొకరిని ఎందుకు అర్థింపవలెను? చట్టమును ఈ మాటయే చెప్పుచున్నది. ఇంటి పనివారి సొమ్మును యజమానులు తమవద్ద దాచియుంచుట 2019 జనవరి 1 నుండి నిషిద్ధము. ఆమె కోరినచో జీతమును బ్యాంకు ద్వారా చెల్లింపవలెను. వసతి గృహములలోనుండు పరదేశపు పనివారికి 2020 నుండి జీతము ఖాతాలోనే జమ కావలెను. ఖాతా పేరు పనివానిదై కార్డు యజమాని జేబులోనున్నచో, అది ఖాతా ఉండియు లేనట్టిదే.

మరియొక హెచ్చరికయు అవసరము. కొద్దిపాటి సొమ్మునకు ఆశపడి ఖాతాను గాని, కార్డును గాని, రహస్యపు అంకెలను గాని పరుల కప్పగింపరాదు. మోసగాండ్రు అట్టి ఖాతాలగుండా దొంగసొమ్మును మరలించుచున్నారు. 2023లో చట్టమును సవరించి, ఇట్టి అప్పగింతలను మరింత కఠినముగా శిక్షించుటకు వీలు కల్పించిరి. తెలియక చేసితిమనుట తప్పించుకొను మార్గము కానేరదు.

కావున మా విన్నపము ఇది. ప్రతి కుటుంబమువారును తమ ఇంట పనిచేయువారికి సొంత ఖాతా ఉన్నదో లేదో ఈ వారమే విచారింపుడు. లేనిచో వారిని వెంటబెట్టుకొని బ్యాంకునకు పొండు; పాసుపోర్టును, పని అనుమతి పత్రమును తీసికొనిపోవుట మరువకుడు. కార్డు వాడు విధమును ఓపికతో నేర్పుడు. నేర్పిన పిదప కార్డును వారి చేతికే ఇండు. అన్నదానము చేయు చేతులు ఇతరుల సొమ్మును వారి పేరిటనే ఉంచుటయు ధర్మమే.