కోర్టు కాగితం కూలీ చేతికి రావాలి

తెల్లారేసరికి పొలం గట్టు మీద కోర్టు అమీను దిగుతాడు. వెనక ఇద్దరు పోలీసులు, ఆ వెనక భూస్వామి మనుషులు. అమీను చేతిలో ఒక కాగితం వుంటుంది. "ఇది కోర్టు ఆర్డరు. పొలం ఖాళీ చెయ్యాలి" అంటాడు. ఆ కాగితం ఏ కోర్టు ఇచ్చిందో, ఎప్పుడిచ్చిందో, అందులో ఎవరి పేర్లున్నాయో పదిహేనేళ్లుగా ఆ చెక్కను సాగు చేసుకుంటున్న కూలీకి తెలియదు. అడిగితే, "మూడేళ్ల నుంచీ కేసు నడుస్తుంటే నువ్వెక్కడున్నావు?" అని ఎదురు ప్రశ్న. ఆ మూడేళ్లూ అతను ఎక్కడున్నాడు? పాలమూరు కూలీ అయితే ఏ నగరంలోనో తట్ట మోస్తున్నాడు. శ్రీకాకుళం కూలీ అయితే ఏ రేవులోనో బరువులెత్తుతున్నాడు. సమను అతని ఇంటి తలుపుకు అంటించామని ఫైల్లో రాసుంటుంది. కేసు ఎక్స్‌పార్టీ అయిపోయి వుంటుంది.

ఇది ఏదో ఒక్క వూరి కథ కాదు. బంజరు పట్టాల మీద, మిగులు భూముల మీద, చెరువు శిఖాల మీద పేదలు అడుగుపెట్టిన ప్రతిచోటా లాఠీ కన్నా ముందు కాగితం వస్తోంది. లాఠీని కళ్లతో చూస్తాం. కాగితాన్ని చూడం. చూసినా చదవలేం. చదవలేని కాగితానికి భయపడతాం. పెత్తందారుకు కావలసింది ఆ భయమే.

అందుకే ఒక సంగతి ముందుగా తేల్చి చెప్పుకోవాలి. కోర్టు కాగితం రహస్యం కాదు. అది దొర ఇనప్పెట్టెలో దాచిన ప్రోనోటు కాదు. కోర్టులూ ప్రభుత్వాధికారులూ తమ అధికారం కింద రాసినవి పబ్లిక్ పత్రాలని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. చూసే హక్కున్న మనిషి అడిగితే, చట్ట ప్రకారం రుసుము కడితే, సర్టిఫైడ్ నకలు ఇచ్చితీరాలన్నది. 2024 జులై 1 నుంచి ఆ చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. పేరు మారిందిగానీ ఈ హక్కు పోలేదు. కొత్త చట్టంలో 74, 75 సెక్షన్లు అదే మాట చెబుతున్నాయి. అయితే చట్టంలో వున్న హక్కు గుమ్మందాకా నడిచి రాదు. దాన్ని అడిగి తెచ్చుకోవాలి.

కరణం ఇంటి నుంచి కంప్యూటరు దాకా

ఒకప్పుడు వూరి లెక్కలు ఆంధ్రలో కరణం ఇంట్లో, తెలంగాణలో పట్వారీ ఇంట్లో వుండేవి. అడంగల్లోనో పహాణీలోనో ఎవరి పేరు ఎక్కాలో, ఎవరి పేరు జారిపోవాలో ఆ ఇంటి అరుగు మీద తేలేది. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. 1985లో మండలాలొచ్చాయి. రికార్డు కరణం ఇల్లు దాటి ఆఫీసుకు చేరింది. తర్వాత ఆఫీసు దాటి కంప్యూటరుకు చేరింది. కూలీ చేతికి మాత్రం ఇప్పటికీ చేరలేదు.

దూరం కూడా తగ్గలేదు. మండలాలు పుట్టినా కోర్టులు చాలావరకు పాత తాలూకా కేంద్రాల్లోనే వున్నాయి. ఆపైన 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు ముక్కలయ్యాయి. 2022 జూన్‌లో తెలంగాణలో న్యాయ జిల్లాలూ 33 అయ్యాయి. ఇక పాత ఫైలు ఎక్కడుంది? పాత జిల్లా కోర్టు రికార్డు రూములోనా, కొత్త కోర్టులోనా? ఒక చోటికెళితే రెండో చోటు చూపిస్తారు. ఒక్కో తిరుగుడుకూ ఒక రోజు కూలీ, బస్సు చార్జీ పోతాయి. రెండు మూడు తిరుగుళ్లయ్యాక మనిషి విసిగి వూరుకుంటాడు. కాగితం దొరకలేదన్నమాట వెనక చాలాసార్లు వుండేది ఈ అలసటే.

భాష మరో గోడ. తెలంగాణలో నిజాం నాటి సేత్వార్లు, పాత పహాణీలు ఉర్దూలో వున్నాయి. కోర్టు తీర్పులు ఎక్కువ భాగం ఇంగ్లీషులో వస్తున్నాయి. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక భూవివాదంలో తెలుగులో తీర్పు రాస్తే అది పత్రికల్లో పెద్ద వార్త అయింది. తెలుగు నేల మీది భూమి గొడవకు తెలుగులో తీర్పు రావడం వార్త కావలసి వచ్చిందంటే, మామూలు రోజుల్లో పరిస్థితి ఏమిటో వేరే చెప్పాలా?

నకలుకు దారి

కార్యకర్తలు ఈ దారిని కంఠతా నేర్చుకోవాలి. మొదట కావలసింది కేసు నంబరు. దావా అయితే ఓ.ఎస్., మధ్యంతర అర్జీ అయితే ఐ.ఏ., డిక్రీ అమలు అయితే ఈ.పి., అప్పీలు అయితే ఏ.ఎస్. ఈ అక్షరాల పక్కన నంబరు, సంవత్సరం, కోర్టు పేరు వుండాలి. అమీను వచ్చినప్పుడు తిట్లతో పొద్దుపుచ్చవద్దు. అతని చేతిలోని కాగితం మీదున్న ఈ నాలుగు ముక్కలూ రాసుకోండి. సెల్‌ఫోను వున్న కుర్రాడు వుంటే ఫొటో తీయించండి. సగం పని అక్కడే అయిపోతుంది.

నంబరు తెలియకపోతే ఈ-కోర్టుల వెబ్‌సైటులో, సెల్‌ఫోను యాప్‌లో కక్షిదారు పేరుతో వెతకవచ్చు. ప్రతి కేసుకూ సి.ఎన్.ఆర్. అనే 16 అక్షరాల, అంకెల గుర్తు వుంటుంది. అది దొరికితే వాయిదాలు, ఉత్తర్వులు ఇంటి దగ్గరే చూడవచ్చు. మంచిదే. కానీ అక్కడ పేరు ఇంగ్లీషులో వుంటుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషులో ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు. ఒక అక్షరం తేడా వచ్చినా "రికార్డు లేదు" అని చూపిస్తుంది. అంతమాత్రాన కేసు లేదని ఇంటికి పోకూడదు. స్పెల్లింగు మార్చి వెతకాలి. అవతలివాడి పేరుతో వెతకాలి. పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టి చూడాలి. కంప్యూటర్లు రాకముందు ముగిసిన కేసులు చాలావరకు అందులో వుండవు. వాటికి కోర్టు రిజిస్టర్లే గతి. ఇంకొక మాట. యాప్‌లోంచి తీసిన ప్రతి తెలుసుకోవడానికి పనికొస్తుందిగానీ సర్టిఫైడ్ నకలుకు సాటి రాదు.

సర్టిఫైడ్ నకలుకు కోర్టులో కాపీ అప్లికేషను పెట్టాలి. దానికి సి.ఏ. నంబరు ఇస్తారు. పేజీలు లెక్కగట్టి, ఎంత స్టాంపు కట్టాలో నోటీసు బోర్డు మీద వేస్తారు. పేదవాడు మోసపోయేది ఈ బోర్డు దగ్గరే. గడువులోగా స్టాంపులు కట్టకపోతే అప్లికేషను కొట్టేస్తారు. కాబట్టి పెట్టి వచ్చేస్తే చాలదు, బోర్డు చూస్తూ వుండాలి. నకలు వచ్చాక దాని మీద తేదీలు చూడండి. అప్లికేషను పెట్టిన తేదీ, స్టాంపులడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ అన్నీ వుంటాయి. ఆ తేదీలకు ప్రాణం వుంది. జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజుల్లో, హైకోర్టుకు 90 రోజుల్లో వేయాలి. నకలు కోసం పట్టిన కాలాన్ని ఆ గడువులోంచి తీసివేయాలని 1963 లిమిటేషన్ చట్టం 12వ సెక్షను చెబుతోంది. నకలుకు అర్జీ పెట్టినవాడికే ఈ రోజులు కలిసొస్తాయి. గడువు దాటేదాకా పెట్టనివాడికి కలిసిరావు.

కేసులో పేరు లేనివాళ్లకు నకలు రాదా? వస్తుంది. ఎందుకు కావాలో కారణం చెబుతూ అఫిడవిట్‌తో అర్జీ పెట్టాలి. జడ్జి అనుమతించాలి. కొందరు సమాచార హక్కు చట్టం కింద కోర్టు ఫైళ్లు అడుగుతున్నారు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ దారి మూసింది. కేసు కాగితాలు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలంది. కానీ తహశీల్దారు ఆఫీసులో, ఆర్డీవో ఆఫీసులో వున్న భూమి ఫైళ్లకు సమాచార హక్కు బ్రహ్మాండంగా పనికొస్తుంది. మన రాష్ట్రంలో చేసిన 2005 నిబంధనల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువనున్న వారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నకలే కాదు, ఫైలు తెరిపించి చూసే హక్కు, రాసుకునే హక్కు కూడా వుంది.

ఈ హక్కుతో ముందుగా తెరిపించవలసినవి 1973 భూసంస్కరణల చట్టం కింద నడిచిన ట్రిబ్యునళ్ల ఫైళ్లు. కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అని పరిమితి పెట్టిన చట్టమది. ఏ దొర ఎంత భూమి చూపించాడు, ఎంత మిగులు తేలింది, ఏ సర్వే నంబర్లు అప్పగించాడు, అప్పీల్లో ఏమైంది, ఇవన్నీ ఆ ఫైళ్లలో వున్నాయి. తన వూళ్లో మిగులు భూమి ఏ నంబరులో చిక్కుకుందో తెలియని సంఘం ఏ నంబరు కోసం పోరాడుతుంది?

చట్టం చెప్పేది, జరిగేది

ఎదుటి పక్షం మాట వినకుండా ఇంజంక్షన్ ఇస్తే, అర్జీ, అఫిడవిట్, దావా, పత్రాల నకళ్లు వెంటనే ఎదుటివారికి పంపి, ఆ రోజుగానీ మర్నాడుగానీ పంపినట్టు కోర్టుకు ప్రమాణం చేయాలని సివిల్ ప్రొసీజర్ కోడు 39వ ఆర్డరు చెబుతోంది. 30 రోజుల్లో ఆ అర్జీని తేల్చాలని కూడా అంటోంది. పంపారా? ఎవరికి పంపారు? ఏ చిరునామాకు పంపారు? ఫైలు చూస్తే తెలుస్తుంది. చూడకపోతే పంపినట్టే లెక్క.

ఎక్స్‌పార్టీ డిక్రీ అయినా దారి మూసుకుపోలేదు. రద్దు కోసం 30 రోజుల్లో అర్జీ పెట్టవచ్చు. సమను సరిగా అందకపోతే ఆ 30 రోజులూ డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. సమను అందలేదని రుజువు చేసేది మళ్లీ ఆ ఫైలే. దావా పడుతుందని ముందే పసిగడితే కేవియట్ వేయండి. 90 రోజులపాటు మన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వడానికి వీలుండదు.

క్రిమినల్ కేసుల్లోనూ ఇంతే. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జైలుశిక్ష పడినవాడికి తీర్పు నకలు ఉచితం. దళితుల మీద, గిరిజనుల మీద అత్యాచారాల కేసుల్లో బాధితుల హక్కులను 2015 సవరణతో వచ్చిన 15-ఎ సెక్షను విడిగా రాసింది. చుండూరులో 1991లో ఎనిమిది మంది దళితులను చంపిన కేసుకు వూళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారంటే, అది బాధితులు పట్టు విడవకపోవడం వల్ల. కోర్టునే వూరికి రప్పించిన జనం ఒక నకలు రప్పించుకోలేరా?

డబ్బులెక్కడివని అడగవచ్చు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరకాలి. మిగతా పేదలకు ఆదాయ పరిమితి వుంది. వకీలే కాదు, కోర్టు ఖర్చులూ అందులో భాగమే. 15100కు ఫోను చేసి అడగండి. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీ గది తలుపు తట్టండి.

ప్రభుత్వం చేయవలసింది, మనం చేయవలసింది

ఇంతా చెప్పి భారమంతా కూలీ నెత్తిన పెట్టి వూరుకుంటే అన్యాయమే. ఈ-కోర్టుల మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బులో పేదవాడి భాగమెంత? భూమి కేసుల ఉత్తర్వులు తెలుగులో ఇవ్వాలి. తెలుగు పేర్లతో వెతికే వీలు కల్పించాలి. పేదలకు నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. నోటీసు బోర్డు మీద వేసేది ఫోనుకూ పంపాలి. ఏ పాత ఫైలు ఏ కోర్టు రికార్డు రూములో వుందో మండల కేంద్రంలో జాబితా పెట్టాలి. భూసంస్కరణల ట్రిబ్యునళ్ల ఫైళ్లను చెదలపాలు కానీయకుండా జనం ముందు పెట్టాలి. తెలంగాణలో 2020 చట్టంతో రెవెన్యూ కోర్టులు పోయాయి. 2025 భూభారతి చట్టం మళ్లీ అప్పీళ్లకు దారి తెరిచింది. ఆ పాత రెవెన్యూ కేసుల ఫైళ్లు లేకుండా ఈ కొత్త అప్పీళ్లలో పేదవాడు ఏం చూపించగలడు?

ఇవి సాధించేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర లేదు. ప్రతి గ్రామ సంఘమూ ఒక ఫైలు కట్టాలి. వూళ్లో ఏ సర్వే నంబరు మీద ఏ కేసుందో, ఏ కోర్టులో వుందో, వచ్చే వాయిదా ఎప్పుడో ఒక నోటుపుస్తకంలో రాయాలి. చదువుకున్న ఇద్దరు యువకులు, యువతులు నెలకొకసారి కోర్టుకెళ్లి నోటీసు బోర్డు చూసి రావాలి. వలసపోయిన వాళ్ల పేర సమను వస్తే సంఘం ఆ కబురు వాళ్లకు అందించాలి. తెచ్చిన నకలును రచ్చబండ దగ్గర తెలుగులో చదివి వినిపించాలి.

తనపేర ఏం రాశారో తెలిసిన మనిషి అమీను ముందు తల దించుకోడు. "ఆ ఆర్డరు మీద మేం అర్జీ పెట్టాం, ఇదిగో నంబరు" అంటాడు. ఆ ఒక్క మాట ప్రతి వూళ్లో వినబడేలా చేయడమే ఇప్పుడు మన ముందున్న పని.