పలక రాయి నేర్పే సుంకం పాఠం

మార్కాపురం పలక రాయికి సుంకాల పట్టికలో మూడు చోట్లున్నాయి. గనిలోంచి తీసి దిమ్మెలుగా, నలుచదరపు బిళ్లలుగా కోసి వదిలేస్తే అది 2514. నునుపు చేసి గోడకో, నేలకో వేసుకునే టైలుగా మలిస్తే 6803. బడిపిల్లలు రాసుకునే పలకగా తయారుచేస్తే, చట్రం బిగించినా బిగించకపోయినా, 9610. నల్లమల అంచున కంభం పొరల్లో పుట్టిన రాయి మాత్రం ఒక్కటే. జీఎస్‌టీలో పిల్లల పలకకు పూర్తి మినహాయింపు ఉంది, టైలుకు పన్ను పడుతుంది. మారింది రాయి పేరు కాదు, దాన్ని ఏ శీర్షిక కింద రాశారన్నదే.

ఆ పలక పట్టుకుని బడికెళ్లే పిల్లవాడి చొక్కా గుడ్డదీ ఇదే తీరు. యూనిఫాంకు ఎక్కువగా వాడేది పాలిస్టర్, పత్తి కలిపి నేసిన టెరికాటన్. అలాంటి గుడ్డ విదేశం నుంచి మన రేవుకు వస్తే దానిని ఎక్కడ చేర్చాలి? పత్తి గుడ్డలు 52వ అధ్యాయంలో, పాలిస్టర్ వంటి కృత్రిమ పొట్టి పీచుతో నేసినవి 55వ అధ్యాయంలో ఉంటాయి. ప్రపంచ దేశాలు 1988 నుంచి అనుసరిస్తున్న హార్మొనైజ్డ్ సిస్టమ్‌లో మొదటి ఆరు అంకెలు అందరికీ ఒకటే. మన 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం వాటిని ఎనిమిది అంకెల దాకా విడదీస్తుంది.

మిశ్రమ గుడ్డకు నియమం సూటిగానే ఉంది. బరువులో ఏ పీచు ఎక్కువైతే గుడ్డ మొత్తం దానిదే. 65 పాళ్లు పాలిస్టర్, 35 పాళ్లు పత్తి అయితే అది 55వ అధ్యాయం. 55 పాళ్లు పత్తి అయితే 52వది. సరిగ్గా సగం సగం అయితే, పోటీపడే శీర్షికల్లో సంఖ్యాక్రమంలో చివరిదానికి చెందుతుంది. అంటే మళ్లీ 55వ అధ్యాయమే. పాలిస్టర్ పొట్టి పీచుగా కాక విరామం లేని పొడుగు దారంగా ఉండి, అదే ఎక్కువ పాలైతే లెక్క 54వ అధ్యాయానికి పోతుంది.

ఆ తర్వాత తూకం. పాలిస్టర్ ఎక్కువగా ఉండి, అదీ 85 శాతానికి లోబడి, పత్తి కలిసిన గుడ్డ చదరపు మీటరుకు 170 గ్రాములు దాటకపోతే 5513, దాటితే 5514. పత్తి ఎక్కువగా ఉన్న మిశ్రమానికి గీత 200 గ్రాముల దగ్గర: ఆ లోపు 5210, పైన 5211. అక్కడినుంచి అద్దకం వేసిందా, రంగు నూలుతో నేసిందా, అచ్చు వేసిందా అంటూ ఇంకా విడిపోతుంది.

ఈ గీత ఎంత సన్ననిదో చేతిలోకి తీసుకుని చూడవచ్చు. గుడ్డలోంచి పది సెంటీమీటర్ల చదరం ముక్క కోసి, బంగారం తూచే త్రాసు మీద పెట్టండి. 1.7 గ్రాములు తూగితే అది 170 గ్రాముల గుడ్డ. త్రాసు ముల్లు వెంట్రుకవాసి కదిలితే శీర్షిక మారుతుంది. పాళ్లు తేల్చడం ఇంకా కష్టం. నిప్పు చూపితే పత్తి కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. కానీ రెండూ పోగు పోగునా పెనవేసుకున్న గుడ్డలో ఈ పరీక్ష చాలదు. 75 శాతం గాఢత ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పత్తిని కరిగించి, మిగిలిన పాలిస్టర్‌ను ఎండబెట్టి తూచాలి. అది ల్యాబు పని.

గుడ్డల వరుసల్లో చాలాచోట్ల సుంకం ‘ఇంత శాతం లేదా చదరపు మీటరుకు ఇన్ని రూపాయలు, ఏది ఎక్కువైతే అది’ అని ఉంటుంది. ఆ రూపాయల అంకె వరుసకో తీరుగా మారుతుంది. 2018 ఆగస్టులో కేంద్రం 328 జౌళి వస్తువులపై సుంకాన్ని 10 నుంచి 20 శాతానికి పెంచింది. 2025 బడ్జెట్ తొమ్మిది రకాల అల్లిక గుడ్డలకు 20 శాతం లేదా కిలోకు 115 రూపాయలు, ఏది ఎక్కువైతే అది అని నిర్ణయించింది. ధర తక్కువ చూపి సరుకు దించుకునేవారిని అడ్డుకోవడానికే కిలో లెక్క. కానీ సరుకును తప్పుడు శీర్షికలో చేరిస్తే పెంచిన రేటూ, పెట్టిన కాపలా రెండూ వృథా. ఆ దెబ్బ సిరిసిల్ల మరమగ్గం కార్మికుడి కూలి మీద పడుతుంది.

పశ్చిమ ప్రకాశం పత్తి రైతుకూ ఇలాంటి గీతే ఉంది. 2021లో ముడిపత్తి దిగుమతిపై 11 శాతం సుంకం వచ్చింది. 2024 ఫిబ్రవరిలో 32 మిల్లీమీటర్లు మించిన పింజకు మినహాయింపు ఇచ్చారు. మన పొలాల్లో పండే మామూలు రకాల పింజ అంతకన్నా పొట్టిది కాబట్టి రక్షణ నిలిచింది. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 దాకా ఆ గీతనే చెరిపేసి పత్తి అంతటికీ సుంకం ఎత్తేశారు. సరిగ్గా కొత్త పంట మార్కెట్‌కు వచ్చే రోజులవి.

సుంకం పెరిగింది, తగ్గింది అన్న వార్త రాగానే మనం శాతం దగ్గరే ఆగిపోతాం. అది ఏ శీర్షికకు, ఏ కొలతకు అని అడగం. కస్టమ్స్ ముందస్తు తీర్పులిచ్చే సంస్థలు ఢిల్లీ, ముంబైలలో ఉన్నాయి. గిద్దలూరు చిన్న వ్యాపారికి అవి ఎంత దూరం! జిల్లా పరిశ్రమల కేంద్రాలు పలకకు, గుడ్డకు, పత్తికి వర్తించే శీర్షికలనూ కొలతలనూ తెలుగులో అచ్చువేసి పంచాలి. గుడ్డ పాళ్లు, తూకం పరీక్షించే ల్యాబు చిన్న వ్యాపారికి అందుబాటులో ఉండాలి. గుడ్డ కొనే ప్రతి వ్యాపారీ బిల్లు మీద పీచు పాళ్లు, చదరపు మీటరు బరువు రాయించుకోవాలి. పలక రాయితో బతికిన ఊరికి గీత విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఎరుకతోనే సుంకాల పట్టికనూ చదువుదాం.