అంచు కంటే ముందు ముద్ర
డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లు కొత్త డిస్క్ చేతికి రాగానే ముందు చూసేది అంచు కాదు, పైనున్న ముద్ర. 1983లో వాలు అంచు డిస్క్ తెచ్చి ఆట తీరే మార్చేసిన ఇన్నోవా అంటే ఒక గురి. మిషిగన్‌కు చెందిన డిస్క్‌క్రాఫ్ట్ వారి ‘బజ్’ అంటే నిటారుగా పోయే మిడ్‌రేంజ్ (మధ్య దూరపు) డిస్క్ అని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, ఒప్పుకుంటాను. కానీ డిస్క్ ఎలా ఎగురుతుందో చెప్పడానికి స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్ అంటూ దాని మీద అచ్చేసే నాలుగు అంకెలు ఎవరిచ్చినవి? తయారుచేసినవాళ్లే. అమెరికాలోని ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ (పీడీజీఏ) బరువు, కొలతలు, అంచు చూసి పోటీలకు అనుమతిస్తుందే తప్ప, అంకెలు నిజమో కాదో తేల్చదు. పరీక్ష రాసినవాడే మార్కులూ వేసుకుంటున్నాడన్నమాట! ఇక ఆటగాడికి మిగిలింది కంపెనీ మీద నమ్మకమే. 2021లో పేరున్న ఆటగాడు పాల్ మెక్‌బెత్‌తో డిస్క్‌క్రాఫ్ట్ పదేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం చేసుకున్నది ఆ నమ్మకాన్ని కొనుక్కోవడానికేనని నా అనుమానం. అయినా అదే అచ్చులో పోసినా ప్లాస్టిక్ మారితే, ఒక్కోసారి బ్యాచ్ మారినా, డిస్క్ దారి మారుతుంది. దాన్ని ఏ పేరూ ఆపలేదు. నేనైతే దూరం విసిరే డ్రైవర్‌కి ముద్ర చూస్తాను. దగ్గర నుంచి వేసే పట్టర్‌కి మాత్రం నా వేళ్లనే అడుగుతాను.