చచ్చిపోయిన పాటగాని గొంతు ఎవరి సొత్తు?

పాటగాడు కన్ను మూసినంక ఆయన గొంతుకు వారసులెవరు? ఇదేదో మద్రాసు, బొంబాయి స్టూడియోల తగాదా, దేవనకొండ మాదిగగేరికి దీంతో ఏం పని అని కొందరు మిత్రులు ఎగతాళి చేశారు. పని ఉంది కాబట్టే రాస్తున్నాం.

పెద్ద పాటగాడు పోతే కంపెనీవాళ్ళు ముందు చేసేది బీరువాలు వెతకడం. పాడి పక్కన పెట్టినవి, సగంలో ఆపినవి, ఊరికే కూనిరాగం తీసినవి, అన్నీ దులిపి 'ఇంతవరకూ విడుదల కాని పాటలు' అని అట్ట మీద అచ్చేసి అమ్ముతారు. అమెరికాలో జిమీ హెండ్రిక్స్ అనే నల్లజాతి కళాకారుడు 1970లో 27 ఏండ్లకే పోయాడు. బతికుండగా స్టూడియోలో చేసిన ఆల్బములు మూడు. చచ్చినంక వచ్చినవాటికి రెండు చేతుల వేళ్ళూ చాలవు. కొడుకు పాటల మీద హక్కు కోసం తండ్రి కోర్టుకెక్కాడు, 1995లో గానీ అవి ఇంటికి రాలేదు. పాతికేండ్లు ఆ గొంతు అమ్ముకున్నది పరాయివాళ్ళు.

మన తెలుగులోనే చూడండి. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆయన పాడిన భగవద్గీత రికార్డు జనంలోకి వచ్చింది ఆ తర్వాతే. ఈ పొద్దు మన పక్క ఊర్లలో ఎవరింట్లో పీనుగు లేచినా మైకులో అదే. మాలగేరిలో చావుకూ అదే పెడుతున్నారు. నాలుగు వర్ణాలను దేవుడే పుట్టించినాడని చెప్పే పుస్తకం, ఐదోవాని పాడె ముందర! ఘంటసాల గొంతు మీద మాకు కోపం లేదు, అది మంచి గొంతే. మా బాధ వేరే. మాకు చావు పాట లేకనా? పీనుగు కాడ తెల్లవార్లూ తత్వాలు పాడే ముసలోళ్ళు మన గేరుల్లో లేకపోయినారా? వాళ్ళ గొంతు పట్టి దాచిన కంపెనీ ఏదప్పా?

కంపెనీవాళ్ళ దగ్గర 'విడుదల కానివి' అంటే చాలా మటుకు పాడినవాడే బాగాలేదని పక్కన పెట్టినవి. మన దగ్గర 'విడుదల కానివి' అంటే ఎవడూ విడుదల చెయ్యనివి. ఈ రెండూ ఒకటి కావు. సుగ్గికి పోతూ గుంటూరు మిరపతోటల దోవలో లారీ మీద మన ఆడోళ్ళు పాడినవి, పీర్ల పండుగకు గుండం చుట్టూ పాడినవి, 1994లో దండోరా మొదలైనంక గేరి గేరికీ కట్టుకున్నవి, జయంతి సభల్లో తప్పెట మీద పాడినవి: ఇవన్నీ యాడున్నాయి? పెండ్లికి కొన్న టేపురికార్డరు ముందర పెట్టి పట్టిన క్యాసెట్లలో ఉన్నాయి. పాట మధ్యలో కుక్క మొరుగుతుంది, పిల్లోడు ఏడుస్తాడు, ఎవరో 'కరెంటు పోతాది బిన్నా పాడు' అంటారు. ఆ క్యాసెట్లు ఇప్పుడు అటక మీద బూజు పట్టి రీలు అతుక్కపోతున్నాయి. పాతసామాన్లోడు వస్తే ఉల్లిగడ్డలకు ఇస్తున్నాం.

పట్నం నుంచి వచ్చిన పరిశోధకులు కొందరు మన అవ్వల ముందర మిషను పెట్టి పూటంతా పాడించుకొని పోయినారు. టీ తాగించినాం, దారి చూపించినాం. వాళ్ళకు డాక్టరేటు వచ్చింది. అవ్వ పోయింది. ఆ గొంతు ఏ బీరువాలో ఉందో మనుమరాలికి తెలీదు, ఒక కాపీ ఇమ్మని జాబు రాస్తే జవాబు లేదు. దీన్ని జానపద సేవ అంటారంట!

ఇప్పుడు గద్దర్ సంగతికి వద్దాం. తూప్రాన్ దళిత బిడ్డ. 1997 ఏప్రిల్ 6న ఇంటికొచ్చి కాల్చితే ఒక తూటాను ఒంట్లోనే ఉంచుకొని 26 ఏండ్లు పాడాడు. 2023 ఆగస్టు 6న పోయాడు, మనకు 1991 చుండూరు తేదీ కూడా అదే. ఆయన నటించిన 'ఉక్కు సత్యాగ్రహం' 2024లో, మనిషి పోయినంకనే తెర మీదకు వచ్చింది. 'ఒరేయ్ రిక్షా' పాటకు నంది ఇస్తామంటే వద్దన్నవాని పేరు మీదనే ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఇస్తోంది. ఇవ్వనీ. రేపు ఎవరో 'గద్దర్ విడుదల కాని పాటలు' అని తెస్తారు. తేనీ. ఏ గద్దర్‌ను తెస్తారనేదే మా ప్రశ్న. ఆయన పాట సభ సభకూ మారేది, మధ్యలో ఆగి మాట్లాడేవాడు, ఆ మాటల్లోనే అసలు కారం ఉండేది. ఒకరికి అడవి గద్దర్ వద్దు, ఒకరికి అంబేడ్కర్, బుద్ధుడు అన్న గద్దర్ వద్దు, ఇంకొకరికి కారంచేడు మీద పాడిన గద్దర్ వద్దు. తలా ఒక కత్తెర పట్టుకుంటే మిగిలేది గొంగడి, గజ్జెలు, కర్ర.

కత్తెర సంగతి మనకు కొత్త కాదు. బాబాసాహెబ్ 1956లో పోతే ఆయన రాసి పెట్టిన 'రిడిల్స్ ఇన్ హిందూయిజం'ను మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చేసింది 1987లో. రాముడు, కృష్ణుడు మీద రాసిన భాగం తీసెయ్యాలని శివసేన వీధికెక్కింది. ప్రభుత్వం తలొగ్గబోయింది. లక్షల దళితులు బొంబాయి వీధుల్లోకి వస్తే గానీ ఆ భాగం నిలవలేదు, అదీ 'ఈ అభిప్రాయాలతో ప్రభుత్వానికి సంబంధం లేదు' అని ఒక ముక్క తగిలించి. పుస్తకానికే ఇంత జరిగితే టేపులో పది నిమిషాలు కోసేస్తే ఎవడు కనిపెడతాడు?

చట్టం ఉంది గదా అంటారు. 1957 కాపీరైటు చట్టం పాట రాసినోనికి, బాణీ కట్టినోనికి, రికార్డు తీసిన కంపెనీకి హక్కులు ఇచ్చింది. పాడినోనికి ఇవ్వలేదు! ఆ హక్కు 1994 సవరణతో వచ్చింది, అప్పుడు 25 ఏండ్లకు, 1999లో 50 ఏండ్లకు. పాడినవాని పేరు చెప్పాలి, పరువు పోయేటట్టు పాటను మార్చకూడదు అన్నది 2012లో గానీ రాలేదు. కాగితం మీద బాగుంది. దస్తావేజు చేతిలో లేని సుగ్గి కూలీ ఏ కోర్టు మెట్లెక్కాలి?

ఇంక కంప్యూటరు వచ్చింది. చచ్చినోని గొంతుతో పాడనిది కూడా పాడిస్తుంది. 2023 నాటి 'కీడా కోలా' సినిమాలో బాలసుబ్రహ్మణ్యం గొంతును అట్లా వాడుకున్నారని ఆయన కొడుకు 2024లో లాయరు నోటీసు పంపాడు. అదే ఏడు 'లాల్ సలాం'లో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడిన రెహమాన్, కుటుంబాలను అడిగి డబ్బిచ్చే చేశామన్నాడు. బాలు ఇంటికి లాయరు ఉన్నాడు. గేరి పాటగాని గొంతుతో రేపు ఎలక్షన్ల కాలంలో ఎవడో తన పార్టీకి పాట పాడించుకుంటే ఏం చేస్తాం? దొరగారికి దండం పెట్టే పాట పెట్టిస్తే?

'ప్రజల పాటకు హక్కులేంది, బేరమేంది' అని మా వామపక్ష సోదరులు కొందరు అడిగారు. పాట ప్రజలదే, ఎవరైనా పాడుకోండి. అయితే ఒక మనిషి తన గొంతుతో, తన కులం పేరు ఎత్తి, తన ఊరి దొర పేరు ఎత్తి పాడిన పాట ఆ మనిషిదే, ఆ ఇంటిదే. 'ప్రజలది' అని ఆ పేర్లు చెరిపేసి గల్లాపెట్టె నింపుకునేవాళ్ళను మేము ఎరుగుదుం.

కాబట్టి అన్నలారా, అక్కలారా, మీ ఇంట్లో క్యాసెట్ ఉంటే పాతసామాన్లోనికి వెయ్యొద్దు. ఎండలో పెట్టొద్దు, రీలు తెగితే లాగొద్దు. అట్ట మీద పాడినవాళ్ళ పేరు, కులం, ఊరు, ఏ సభలో ఏ ఏడు పాడినారో పెన్నుతో రాయండి. తెలిసినవాళ్ళు ఇంకా బతికుండగానే అడిగి రాయండి. వచ్చే ఏప్రిల్ 14 జయంతికి దేవనకొండ అంబేడ్కర్ బొమ్మ కాడికి తెండి. సెల్లు షాపు పిల్లోళ్ళు ఇద్దరు కంప్యూటరు తెస్తారు, మీ కండ్ల ముందరే చిప్పులోకి ఎక్కించి క్యాసెట్ మీకే ఇచ్చేస్తారు. ఇంటివాళ్ళు ఒప్పుకున్నవే బయట వినిపిస్తాం, కుక్క మొరిగింది కూడా తియ్యం.